గడియ ఉన్న గది

మా పెళ్లయిన మూడో వేసవిలో మా గదిలోకి మిరపకాయలు కాపురానికొచ్చాయి. ఎనభై నాలుగో, ఎనభై ఐదో, సరిగ్గా గుర్తు లేదు. మా అత్తగారి ఊరు ప్రత్తిపాడుకు దగ్గర. మావయ్య కౌలు పొలంలో మిరప వేశారు. కాపు బాగా వచ్చింది, ధర పడిపోయింది. ధర లేచేదాకా ఒక్క కాయ కూడా అమ్మనని పట్టుబట్టి, ఎండిన కాయనంతా పెద్ద పెద్ద గోతాల్లో తొక్కించారు. ఆ గోతాలను మావైపు టిక్కీలంటారు. వాటిని పెట్టడానికి తడి తగలని చోటు కావాలి. ఇంట్లో నాలుగు వైపులా గోడలున్న గది ఒక్కటే. అది మాది. కనీసం మాది అని నేననుకుంటున్నది.

టిక్కీలు లోపలికి, మేము బయటికి. మా మంచం వాకిట్లోకి వచ్చింది. అక్కడ అప్పటికే అత్తయ్య, మావయ్య, బావగారు, తోటికోడలు, వాళ్ల ముగ్గురు పిల్లలు వరసగా మంచాలు వేసుకుని ఉన్నారు. ఇటు తిరిగితే అత్తయ్య మొహం, అటు తిరిగితే మా ఆయన మొహం, ఆయన వెనక బావగారి గురక.

నిజం చెప్పాలంటే గది మా చేతిలో ఉన్న రోజుల్లో కూడా దానికి గడియ లేదు. తలుపు దగ్గరగా వేస్తే దానంతట అదే తెరుచుకునేది. పిల్లలు పలకల కోసం, అత్తయ్య కందిపప్పు కోసం ఎప్పుడు పడితే అప్పుడు లోపలికొచ్చేవాళ్లు. వాళ్ల తప్పేం లేదు, వాళ్ల సామానంతా అక్కడే ఉండేది. మేమిద్దరం ఒకే బడిలో టీచర్లం కాబట్టి ఏదన్నా మాట్లాడుకోవాలంటే బడికి నడిచే దారిలో మాట్లాడుకునేవాళ్లం. బడికి వేసవి సెలవులిచ్చాక ఆ దారి కూడా మూసుకుపోయింది.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఇప్పుడు కాస్త తగ్గింది గానీ అప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఒక పొద్దున బావి దగ్గర మా ఆయనతో, "నేను మా అమ్మ దగ్గరికి పోతున్నా. మీరు మీ టిక్కీలతో కాపురం చేసుకోండి" అన్నాను.

ఆయన చేద కిందపెట్టి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "గుంటూరు పోదాం. మూడు రోజులు. మంచి గది తీసుకుందాం, గడియ ఉన్న గది" అన్నాడు.

గుంటూరు మాకు గంట ప్రయాణం. పొద్దున వెళ్లి పనులు చూసుకుని సాయంత్రం బస్సుకు తిరిగొచ్చే ఊరు. అక్కడ డబ్బిచ్చి గదిలో దిగటమన్నది మా ఇళ్లల్లో వినని మాట. అందుకని ఇంట్లో ట్రైనింగు క్లాసులని చెప్పాం. మావయ్య పాపం నమ్మారు. "వేసవి సెలవుల్లో కూడా మిమ్మల్ని వదలరా అమ్మా" అని జాలిపడి బస్సు దాకా వచ్చి నా సంచి ఎక్కించారు.

బస్సులో నేను అన్నీ అనుకుంటూ కూర్చున్నాను. బ్రాడీపేటకు దగ్గరలో గది. పొద్దునే హోటల్లో దోసె. బట్టల కొట్లు చూస్తూ ఒక చివర నుంచి ఇంకో చివరకు నడక. ఎండెక్కాక గదికొచ్చి, గడియ పెట్టుకుని, ఫ్యాను కింద, ఎవరూ ఏదీ అడగని మధ్యాహ్నం. నాకు కావలసిందల్లా ఆ మధ్యాహ్నం. మూడు వస్తే మంచిది, ఒక్కటైనా చాలు.

బస్టాండు దగ్గర మొదటి లాడ్జి చవకే. పైకి వెళ్లి చూస్తే మిర్చి అమ్ముకోవటానికి వచ్చిన రైతులు లుంగీలతో మెట్ల మీదే పేకాడుతున్నారు. గదులకు మధ్య చెక్కలు, అవీ మనిషెత్తు వరకే. పక్కగదిలో ఎవరో దగ్గితే ఈ గదిలో మంచం కదిలింది. "దీనికి మన వాకిలే నయం" అని నేను దిగిపోయాను. రెండోది చాలా బాగుంది. ధర విని మా ఆయన వెనక్కి తిరగకుండానే వెనక్కి నడిచాడు.

మూడోది బ్రాడీపేటలోనే. మేడ మీద గది, రోడ్డు వైపు కిటికీ, ఫ్యాను, మాకు అందే ధర. గుమాస్తా తాళంచెవి తీసి బల్ల మీద కూడా పెట్టాడు. అప్పుడు నా మెడ వంక చూశాడు. మేం క్రైస్తవులం, మా సంఘంలో ఆడవాళ్లు నగలు పెట్టుకోరు. తాళి ఉండదు, మెట్టెలుండవు, బొట్టుండదు. మా పెళ్లి దేవుడి ఎదుట, సంఘం ఎదుట ప్రమాణం చేస్తే అయిపోయింది. ఊళ్లో అది ఎవరికీ వింత కాదు కాబట్టి బయట వింతవుతుందని మాకు తట్టనే లేదు.

"ఈవిడ మీకేమవుతారండీ?" అన్నాడు గుమాస్తా.

"నా భార్యండి."

"రుజువేమన్నా ఉందా? పెళ్లి ఫోటో లాంటిది?"

"ఫోటో సంచిలో పెట్టుకుని తిరుగుతామా అండీ. మేమిద్దరం టీచర్లం."

"టీచర్లు కూడా వస్తుంటార్లెండి" అని ఆయన తాళంచెవి వెనక్కి తీసుకున్నాడు.

"మీరు గది డబ్బు చూసి ఇస్తారా, మెడ చూసి ఇస్తారా?" అని నేనడిగాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని కిందికి లాక్కొచ్చాడు. ఆ తర్వాత ఇంకో రెండుచోట్ల అదే చూపు. ఎండ నడినెత్తికొచ్చింది. చెప్పుల్లోంచి కూడా కాళ్లు కాలుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా, ఒక కిళ్లీ కొట్టు పక్కన నిలబడి. మూడేళ్లు కాపురం చేసిన మొగుడితో దొంగతనంగా పట్టుబడ్డ దానిలా ఉంది నా పని.

అప్పుడు మా ఆయనకు ఒక మిషను కాంపౌండు గుర్తొచ్చింది. పెద్ద చర్చి, దాని వెనక ఆసుపత్రి, మధ్యలో బయటూరి వాళ్లు దిగటానికి నాలుగు గదులు. మా సంఘం కాదు, అయినా మావాళ్లే, తాళి గురించి అడగరు. బ్రాడీపేటకు నడిచి వెళ్లేంత దగ్గర. అద్దె నామమాత్రం. లాడ్జిల కోసం తిరగబోయే ముందే ఇక్కడికి రావాల్సింది అనుకున్నాం ఇద్దరం.

ఆ గదులు చూసేది ఒక బైబిలమ్మ. ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పి ప్రార్థన చేసే ఆడమనిషిని మావైపు అలా అంటారు. తెల్లచీర, తెల్ల జుట్టు, అరవై దాటి ఉంటాయి. వేపచెట్టు కింద కుర్చీలో కూర్చుని, ఒళ్లో రిజిస్టరు పెట్టుకుని, "ఏం పని మీద వచ్చారయ్యా?" అని అడిగింది.

మా ఆయనకు పొద్దుటి నుంచీ ఒకటే ప్రశ్న వినీ వినీ బుర్రలో అదే తిరుగుతోంది. ఈమె కూడా అదే అడగబోతోందనుకుని ముందే చెప్పేశాడు.

"మాకు పెళ్లయి మూడేళ్లయిందండి."

ఆమె నన్ను చూసింది. ఏడ్చి ఉబ్బిన నా కళ్లు చూసింది. రిజిస్టరు పక్కన పెట్టి లేచి వచ్చి నా తల మీద చెయ్యి వేసింది.

"ఇంకా కడుపు పండలేదా తల్లీ? దానికేనా ఇంత దుఃఖం? మంచిచోటికే వచ్చావు. మన డాక్టరమ్మ చెయ్యి మంచిది. ఈ గదులు ఆసుపత్రికొచ్చే వాళ్లకే గదా."

మా ఆయన నా వంక చూశాడు, నేను ఆయన వంక చూశాను. కాదండీ అని ఒక్క మాట అంటే మళ్లీ ఎండలోకి వెళ్లాలి. నేను తల దించుకున్నాను. ఆమె రిజిస్టరులో మా ఊరి పేరు, దాని ఎదురుగా మా కష్టం రాసుకుంది. తాళంచెవి నా చేతిలో పెట్టింది.

ఆ గది నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. సున్నం వేసిన గోడలు, రెండు ఇనప మంచాలు, మట్టి కూజా, పచ్చరంగు తలుపు. తలుపుకు ఇత్తడి గడియ, నా అరచెయ్యంత పొడవు. లోపలికి వెళ్లగానే నేనే దాన్ని పెట్టాను. ఠక్కుమని ఎంత చక్కగా పడిందో. మా ఆయన నవ్వాడు. సంచి ఇంకా ఆయన భుజానే ఉంది. సంచి దించేలోపల తలుపు కొట్టారు.

బైబిలమ్మ, ఆమెతో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. పిల్లల కోసం వచ్చిన వాళ్ల కోసం మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టడం అక్కడి పద్ధతట. ముందు ప్రార్థన, మూడో రోజు డాక్టరు. పగలు మంచినీళ్లు, సాయంత్రం గంజి. ఆ మూడు రోజులూ భార్యాభర్తలు ఎడంగా ఉండాలి.

"అయ్యా, నువ్వు మగవాళ్ల వరండాలో పడుకో. మేం అమ్మాయి దగ్గరుంటాం" అంది బైబిలమ్మ.

మావాళ్లల్లో ప్రార్థన చేస్తామన్న మనిషిని వద్దనడం లేదు. అన్నం వద్దనవచ్చు, మందు వద్దనవచ్చు, మన కోసం మోకరిస్తామన్న వాళ్లను వద్దనలేం. మా ఆయన దించబోయిన సంచి మళ్లీ భుజాన వేసుకుని వరండా వైపు వెళ్లాడు. దీపాలార్పే వేళకు బైబిలమ్మ చాప తెచ్చుకుని తలుపుకు అడ్డంగా పరుచుకుంది. గడియ ఆమే పెట్టింది.

మర్నాడు పొద్దుటి నుంచీ గదిలో ఆడవాళ్లు. ఆసుపత్రిలో మనిషిని చేర్చి ఖాళీగా కూర్చున్న వాళ్లందరికీ నా సంగతి తెలిసింది. ఒకరు పాట ఎత్తుకుంటే ఒకరు ప్రార్థన. నా తల మీద ఆరు చేతులు. ఆకలితో కడుపులో పేగులు అరుస్తున్నాయి. మధ్యలో కాస్త విరామం ఇస్తే కిటికీ దగ్గరికెళ్లాను. బయట మా ఆయన. ఊచలకు అటు ఆయన, ఇటు నేను.

"ఎలా ఉంది?" అన్నాడు.

"మీరు కూడా ఉపవాసమేనా?"

ఆయన తడబడ్డాడు. "పొద్దున బ్రాడీపేట దాకా వెళ్లా."

"వెళ్లి?"

"ఒక దోసె తిన్నా. ఒకటే."

అంత కోపం నాకు మళ్లీ ఎప్పుడూ రాలేదు. నా దోసె, నా బ్రాడీపేట, నా ఫ్యాను గాలి, అన్నీ ఈయన ఒక్కడే అనుభవించి వచ్చి ఊచల దగ్గర నిలబడ్డాడు. "పారిపోదాం. ఇప్పుడే నిజం చెప్పేయండి ఆవిడకు" అన్నాను.

"ఏమని చెప్పను? పిల్లల కోసం కాదు, గడియ కోసం వచ్చామనా?" అన్నాడు. ఆ మాట ఆ ముసలామె ముందు అనటం నా వల్ల కూడా కాదని నాకు తెలుసు.

ఆ మధ్యాహ్నం మిగతావాళ్లు అన్నాలకు వెళ్లినప్పుడు బైబిలమ్మ ఒక్కతే నాతో ఉంది. ఆమె కూడా నాతోపాటు ఉపవాసం. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నా పేరు చెప్పి ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. చూస్తే ఏడుస్తోంది.

"నాకూ లేరు తల్లీ. నా కోసం ఇట్టా ఎవరూ కూర్చోలా. మా ఆయన రెండో పెళ్లి చేసుకున్నాడు. అందుకే ఎవరొచ్చినా నేను కూర్చుంటా" అంది.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. నా దొంగ కష్టానికి ఈమె నిజం కన్నీళ్లు పెడుతోంది. దాంతో పాటు ఇంకోటి కూడా జరిగింది. అప్పటిదాకా పిల్లల గురించి నాకు బెంగ లేదు. ఎప్పుడో పుడతారులే అనుకునేదాన్ని. ఇంతమంది ఇంత ఏడ్చాక, మూడేళ్లు తక్కువేం కాదు కదా అనిపించింది. నిజంగానే నాకు పుట్టరేమో అన్న భయం ఆ గదిలోనే పట్టుకుంది. గడియ కోసం చెప్పిన అబద్ధం నన్ను లోపల వేసి గడియ పెట్టింది.

మూడో రోజు డాక్టరమ్మ దగ్గరికి బైబిలమ్మే తీసుకెళ్లి బయట కూర్చుంది. డాక్టరమ్మ పరీక్ష చేసి, ఏం లోపం కనపడటం లేదని చెప్పి, "ఇంట్లో ఎంతమందుంటారు? మీరిద్దరూ ఎక్కడ పడుకుంటారు?" అని అడిగింది.

మూడు రోజుల ఆకలి మీద ఉన్నానేమో, నోరు దానంతట అదే తెరుచుకుంది. టిక్కీలు, వాకిలి, బావగారి గురక, కందిపప్పు, లాడ్జీలు, నా మెడ, అన్నీ చెప్పేశాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కలం తీసి తెలుగులోనే చీటీ రాసింది. "మిరపకాయలు నిలవ ఉన్న చోట వీరు పడుకోరాదు. భార్యాభర్తలకు గాలి వచ్చే వేరే గది ఉండాలి."

"ఇదే మీకు మందు. ఇంట్లో పెద్దవాళ్లకు చూపించు" అంది.

చూపించే ధైర్యం మాకు లేదు. మా ఆయన చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బైబిలమ్మ గేటు దాకా వచ్చి, నాకు బన్ను ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చి, పుట్టగానే కబురు చెయ్యమంది. బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. గుంటూరులో మూడు రోజులుండి మేమిద్దరం అంత దగ్గరగా కూర్చుంది అప్పుడే. ఆయన ఏదో సరదాగా అనబోయాడు. నేను కిటికీ వైపు తిరిగి బన్ను తిన్నాను, ఆయనకు పెట్టలేదు.

ఊరొచ్చిన మర్నాడు అత్తయ్య చొక్కా నానబెడుతూ జేబులో చీటీ చూసింది. ఆమెకు చదువు రాదు. బావగారికిస్తే ఆయన వాకిట్లో నిలబడి పేపరు చదివినట్టు గట్టిగా చదివేశాడు. కింద ఆసుపత్రి ముద్ర కూడా చదివాడు. నేను చేటలో బియ్యం పెట్టుకుని కూర్చుని ఉన్నాను. అత్తయ్య చొక్కా వదిలేసి నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"ట్రైనింగని చెప్పి పిల్లల కోసం ఆస్పత్రికి పోయారా? మాకు చెబితే మేం రామా అమ్మా? ఇంత బాధ కడుపులో పెట్టుకుని మూడేళ్లు మాతో ఒక్క ముక్క అన్లేదే."

కాదత్తయ్యా అందామనుకున్నాను. కాదంటే ఆ తర్వాత మాట ఏమిటి? మీ అందరి నుంచి తప్పించుకుని మూడు రోజులు తలుపేసుకోవాలని వెళ్లామనాలి. మావయ్య వింటున్నారు, బావగారు వింటున్నారు. బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చున్నాను. నేను ఏడవకపోవటం చూసి అత్తయ్య మరింత ఏడ్చింది.

మర్నాడు తెల్లవారేసరికి ఇంటి ముందు బండి ఆగి ఉంది. మావయ్య, బావగారు టిక్కీలు మోస్తున్నారు. నేను పరుగెత్తుకెళ్లాను.

"ధర లేదు గదా మావయ్యా. కొన్నాళ్లు ఆగుదామన్నారు గదా."

"కాయదేముందమ్మా, మళ్లీ కాస్తది" అన్నారు ఆయన, టిక్కీ వీపు మీద నుంచి దించకుండానే.

సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మావయ్య గుంటూరు నుంచి గడియ తెచ్చారు. ఇత్తడిది కాదు, ఇనపది. మర్నాడంతా గదికి సున్నం కొట్టి, ఆయనే కూర్చుని తలుపుకు మేకులతో గడియ బిగించారు. రెండుసార్లు వేసి తీసి చూసుకున్నారు. అప్పుడమ్మిన కాయకు రెండు నెలల్లోనే ధర లేచిందని ఊరంతా చెప్పుకుంది. ఆయన ఆ మాట ఇంట్లో ఒక్కసారి కూడా ఎత్తలేదు.

గడియ బిగించిన సాయంత్రం అన్నాలయ్యాక అత్తయ్య మా మంచం లోపల వేయించింది. కందిపప్పు డబ్బా, పలకలు, అన్నీ బయటికి తెప్పించింది. పిల్లల్ని, "అటు పోయారంటే కాళ్లిరగ్గొడతా" అంది. మేమిద్దరం లోపలికి వెళ్లాం. మా ఆయన గడియ పెట్టాడు.

అది పడ్డ చప్పుడుకు వాకిట్లో మాటలన్నీ ఆగిపోయాయి. పిల్లలు కూడా ఊరుకున్నారు. మావయ్య గొంతు సవరించుకోవటం వినపడింది. తర్వాత అత్తయ్య మెల్లగా ప్రార్థన మొదలుపెట్టింది. మా పేర్లు వినపడుతున్నాయి. బావగారు, తోటికోడలు మధ్యమధ్య ఆమెన్ అంటున్నారు. మేము మంచానికి ఆ చివర ఒకరం, ఈ చివర ఒకరం కూర్చున్నాం. గోడల్లో మిరప ఘాటు ఇంకా అలాగే ఉంది. మా ఆయన తుమ్మాడు. బయట ప్రార్థన ఒక్క క్షణం ఆగి మళ్లీ సాగింది.

నేను అడిగింది ఇదే. తలుపు, గడియ, మేమిద్దరం. మావయ్య ఏడాది కష్టం అమ్మి తెచ్చి ఇచ్చారు. దాని లోపల కూర్చుని నాకు ఊపిరాడటం లేదు. ఆ వాకిలి అంతా కలిసి మా గదిలోనే ఉన్నట్టుంది.

ప్రార్థన అయ్యేదాకా ఆగి, లేచి గడియ తీశాను. నేను మంచానికి ఒక వైపు పట్టుకుంటే మా ఆయన రెండో వైపు పట్టుకున్నాడు. వాకిట్లోకి తెచ్చాం. అందరూ మమ్మల్నే చూస్తున్నారు.

"ఏమ్మా?" అంది అత్తయ్య.

"లోపల ఉక్కగా ఉందత్తయ్యా" అన్నాను.

మావయ్య లేచి, తన మంచం అటు జరిపి, మా మంచానికి చోటిచ్చారు.